సిఫిలిస్ పరీక్షలు: రిపోర్టు చేతికొచ్చాక చెన్నైలో తెలుగువారు అడిగే ప్రశ్నలు

నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి చెన్నై వచ్చేవాళ్లకూ, ఓఎమ్ఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట కంపెనీల్లో ఉద్యోగాలు చేస్తూ ఇక్కడే ఉంటున్నవాళ్లకూ ఒకటే ఇబ్బంది. రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది, కౌంటర్‌లో అడిగితే తమిళంలో రెండు ముక్కలు చెబుతారు. షుగరో థైరాయిడో అయితే తెలిసినవాళ్లను అడగొచ్చు. సుఖవ్యాధి పేరున్న కాగితాన్ని ఎవరికీ చూపించలేరు. రాత్రంతా ఫోన్‌లో వెతుక్కుని, ఉన్న భయానికి ఇంకాస్త కలుపుకుని పొద్దున్నే మళ్లీ ల్యాబుకు వస్తారు. మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసేవాడిగా నన్ను అడిగే ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ రాస్తున్నాను. మందు నిర్ణయించాల్సింది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరుగారే.

వీడీఆర్ఎల్ అనే రక్తపరీక్ష రియాక్టివ్ (అంటే పాజిటివ్) అని వచ్చింది. నాకు సిఫిలిస్ ఉన్నట్టేనా?

ఆ ఒక్క మాటతో తేలదు. వీడీఆర్ఎల్ పరీక్ష సిఫిలిస్ క్రిమిని వెతకదు, ఆ క్రిమి మీద పోరాడటానికి శరీరం ప్రత్యేకంగా తయారుచేసుకున్న ప్రోటీన్‌నూ, అంటే యాంటీబాడీనీ, వెతకదు. క్రిమి వల్ల మన కణాలు దెబ్బతిన్నప్పుడు వాటిలోంచి కొన్ని కొవ్వు పదార్థాలు బయటపడతాయి. శరీరం వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వీడీఆర్ఎల్ పట్టుకునేది వాటిని. ఇందుకు వాడే కార్డియోలిపిన్ అనే పదార్థాన్ని మొదట ఎద్దు గుండె నుంచి వేరుచేశారు. అంటే ఈ పరీక్షలో సిఫిలిస్ క్రిమికి సంబంధించిన ముక్క ఒక్కటీ లేదు.

కణాలు దెబ్బతినడానికి సిఫిలిస్ ఒక్కటే కారణం కాదు. మలేరియా, కామెర్లు తెచ్చే వైరస్‌లు, ఈమధ్య వేయించుకున్న టీకా, గర్భం, లూపస్ లాంటి ఆటోఇమ్యూన్ (శరీరం తన మీద తానే దాడిచేసుకునే) జబ్బులు, కుష్ఠు, ఒక్కోసారి కేవలం వయసు మీదపడటం వల్ల కూడా వీడీఆర్ఎల్ రియాక్టివ్ కావచ్చు. అలా వచ్చినప్పుడు రిపోర్టులో రాసే అంకె (దాని అర్థం కింద చెబుతాను) మామూలుగా 1:8 దాటదు. కానీ అసలు సిఫిలిస్‌లోనూ తక్కువ అంకె ఉండొచ్చు కాబట్టి, అంకె చిన్నదని వదిలేయకూడదు. సిఫిలిస్ క్రిమి మీద తయారైన యాంటీబాడీనే వెతికే రెండో రకం పరీక్ష, అంటే టీపీహెచ్ఏ లాంటిది, చేయించాల్సిందే.

క్రిమినే నేరుగా చూస్తే సరిపోతుంది కదా? ఈ చుట్టుతిరుగుడు ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. గనేరియా అయితే చీము గాజుపలక మీద రాసి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తాం. కల్చర్ ప్లేటు మీద పెంచుతాం కూడా. సిఫిలిస్ క్రిమి ట్రెపోనీమా పాలిడమ్ ఇందుకు లొంగదు. అది దారం కన్నా సన్నం, మెలికలు తిరిగి ఉంటుంది. మందం మైక్రాన్‌లో అయిదో వంతు కూడా ఉండదు. మామూలు మైక్రోస్కోప్‌లో, మామూలు రంగులతో కనపడదు. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ దీన్ని కనిపెట్టారు. అయినా ప్రయోగశాలలో ఎక్కువకాలం పెంచగలిగింది 2018లోనే, అదీ కుందేలు కణాల తోడుతో. రోగుల నమూనాలకు ఆ పద్ధతి పనికిరాదు.

నేరుగా చూసే దారులు రెండున్నాయి. ఒకటి డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోప్. పుండు మీద నుంచి తీసిన రసాన్ని అప్పటికప్పుడు చూడాలి. నల్లటి నేపథ్యంలో తెల్లగా మెరుస్తూ, మరమేకులా తిరుగుతూ, మధ్యకు వంగుతూ కదిలే క్రిమి కనిపిస్తే ఆ రోజే తేలిపోతుంది. కానీ నిమిషాలు గడిచేకొద్దీ కదలిక ఆగిపోతుంది కాబట్టి రోగి, మైక్రోస్కోప్, చూడటం తెలిసిన కన్ను మూడూ ఒకేచోట ఉండాలి. నోటిలోని పుండుకు ఇది వద్దు, నోట్లో మామూలుగా ఉండే హానిలేని ట్రెపోనీమాలు కూడా అలాగే కనిపిస్తాయి.

రెండోది పీసీఆర్, అంటే క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష. పుండు మీద స్వాబ్‌తో బాగా పనిచేస్తుంది, క్రిమి బతికి ఉండనక్కర్లేదు. రక్తంలో మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. రక్తంలో క్రిములు చాలా తక్కువ, కాబట్టి నెగెటివ్ వచ్చినా జబ్బు లేదని చెప్పలేం. పుండు లేనివాళ్లకు రక్తం పీసీఆర్ చేయిస్తామని ఎవరైనా చెబితే, ఆ డబ్బు టీపీహెచ్ఏకూ, వీడీఆర్ఎల్ జాతిదే అయిన ఆర్పీఆర్‌కూ పెట్టుకోవడం మేలు.

అందుకే చివరికి అందరం రక్తంలోని యాంటీబాడీల దగ్గరికే వస్తాం.

కొన్ని ల్యాబుల్లో వీడీఆర్ఎల్ అంటారు, కొన్నిచోట్ల ఆర్పీఆర్ అంటారు. తేడా ఏమిటి?

జాతి ఒకటే, పద్ధతి వేరు. వీడీఆర్ఎల్‌కు సీరమ్‌ను (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచాలి, యాంటిజెన్‌ను (కార్డియోలిపిన్ ఉన్న ద్రవాన్ని) ఏరోజుకారోజు కలుపుకోవాలి, గుబ్బలు కట్టిందో లేదో మైక్రోస్కోప్‌లో చూడాలి. ఆర్పీఆర్‌లో యాంటిజెన్‌కు బొగ్గు రేణువులు కలిపి ఉంటాయి. వేడిచేసే పని లేదు. కార్డు మీద ఎనిమిది నిమిషాలు తిప్పితే నల్లటి గుబ్బలు కంటికే కనపడతాయి. అందుకే ఇప్పుడు చాలా ల్యాబులు ఆర్పీఆర్ చేసి, డాక్టరుగారు చీటీలో వీడీఆర్ఎల్ అని రాశారని రిపోర్టులో ఆ పేరే ఉంచేస్తున్నాయి. ఇది నాకు నచ్చని అలవాటు, ఎందుకంటే ఈ రెంటి అంకెలూ సమానం కావు. మీ రిపోర్టులో మెథడ్ అనే గడిలో ఏం రాశారో తప్పకుండా చూడండి.

టీపీహెచ్ఏ దేనికి? అది పాజిటివ్ అయితే జబ్బు ఇప్పుడు ఉన్నట్టా?

టీపీహెచ్ఏలో ఎర్ర రక్తకణాలకు సిఫిలిస్ క్రిమి భాగాలను అతికించి ఉంచుతారు. మీ సీరమ్‌లో ఆ క్రిమి మీద యాంటీబాడీలుంటే కణాలు ఒకదానికొకటి పట్టుకుని ప్లేటులోని గుంట అడుగున చాపలా పరుచుకుంటాయి. లేకపోతే జారి మధ్యలో చిన్న చుక్కలా కూర్చుంటాయి. కాబట్టి ఇది పాజిటివ్ అయితే ఆ జాతి క్రిమి మీ ఒంట్లోకి ఎప్పుడో వచ్చిందని గట్టిగా చెప్పొచ్చు.

ఎప్పుడు వచ్చిందో, ఇప్పుడు ఉందో లేదో మాత్రం చెప్పదు. పెద్దవాళ్ల జబ్బ మీద మశూచి టీకా మచ్చ ఉంటుంది చూడండి, అలాంటిది ఈ పాజిటివ్. పూర్తిగా నయమైన తరవాత కూడా చాలామందిలో జీవితాంతం ఉండిపోతుంది. తొలిదశలోనే మందు పడిన కొద్దిమందిలో మాత్రం కొన్నేళ్లకు నెగెటివ్‌గా మారుతుంది. అందువల్ల మందు పనిచేసిందా అని చూడటానికి టీపీహెచ్ఏ మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. ‘ఇంకా పాజిటివ్‌గానే ఉంది’ అని మళ్లీ ఇంజక్షన్లు వేయించుకున్నవాళ్లున్నారు. చూస్తే బాధేస్తుంది.

రెండు పరీక్షలూ చేయించాను. ఎలా చదువుకోవాలి?

రెండూ నెగెటివ్ అయితే సిఫిలిస్ లేదు, లేదా సోకి మరీ కొద్దిరోజులే అయింది. రెండూ పాజిటివ్ అయితే సిఫిలిస్ ఉన్నట్టే లెక్క. ఇదివరకు వైద్యం చేయించుకున్నట్టు కాగితాలుంటే అప్పటి అంకెతో పోల్చి చూస్తారు. కాగితాలు లేకపోతే చాలామంది డాక్టర్లు మందు ఇస్తారు, అదే సబబు.

వీడీఆర్ఎల్ పాజిటివ్, టీపీహెచ్ఏ నెగెటివ్ అయితే చాలామటుకు అది వేరే కారణంతో వచ్చిన తప్పు పాజిటివ్. అప్పుడు నేను అడిగేవి రెండే: ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా, ఎక్కడైనా పుండు కనపడిందా? పుండు ఉంటే తొలిరోజుల సిఫిలిస్ కావచ్చు, రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చేయాలి. తప్పు పాజిటివ్ ఆరు నెలలు దాటినా పోకపోతే, ముఖ్యంగా కీళ్లనొప్పులు లేదా వరుస గర్భస్రావాలు ఉన్న ఆడవాళ్లలో, లూపస్, యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బుల కోసం చూడటం అవసరం. సిఫిలిస్ లేదని తేలిందని ఆ కాగితాన్ని పారేయకండి.

వీడీఆర్ఎల్ నెగెటివ్, టీపీహెచ్ఏ పాజిటివ్ అయితే దారులు మూడు: ఎప్పుడో వైద్యం అయిపోయిన సిఫిలిస్, చాలాకాలంగా లోపల నిద్రపోతున్న సిఫిలిస్, లేదా ఇప్పుడే మొదలైనది. ఏదన్నది ల్యాబు తేల్చలేదు. మీరు డాక్టరుకు నిజాయితీగా చెప్పే విషయాల మీదే ఆధారపడుతుంది.

పెద్ద ల్యాబులో మెషీన్ మీద చేసిన ట్రెపోనీమా యాంటీబాడీ పాజిటివ్, ఆర్పీఆర్ నెగెటివ్. ఎవరిది తప్పు?

ఎవరిదీ తప్పు కాకపోవచ్చు. పాత పద్ధతిలో ముందు వీడీఆర్ఎల్, అది పాజిటివ్ అయితేనే టీపీహెచ్ఏ. రోజుకు వందల నమూనాలు వచ్చే ల్యాబులు ఇప్పుడు తిరగేసి చేస్తున్నాయి. ముందు కెమిల్యూమినిసెన్స్ లేదా ఎలైసా అనే మెషీన్ పద్ధతులతో క్రిమి యాంటీబాడీ చూస్తారు, పాజిటివ్ అయితే ఆర్పీఆర్ చేస్తారు. దీనివల్ల లాభం, పాత పద్ధతిలో దాటిపోయే తొలిదశ, ఏళ్లనాటి దశ దొరుకుతాయి. నష్టం, ఎప్పుడో నయమైనవాళ్లూ దొరుకుతారు, కటాఫ్ అంకెకు కాస్త పైన ఉన్న ఉత్తుత్తి పాజిటివ్‌లూ వస్తాయి.

రెండూ కుదరనప్పుడు మూడో పరీక్ష చేయాలి. అది మరో తయారీకి చెందిన క్రిమి యాంటీబాడీ పరీక్ష అయి ఉండాలి. మెషీన్ మీద పాజిటివ్ అయితే టీపీహెచ్ఏతోనో, అలాంటిదే అయిన టీపీపీఏతోనో సరిచూస్తారు. అదీ నెగెటివ్ అయితే మెషీన్ చూపినది తప్పు పాజిటివ్ అయ్యే అవకాశమే ఎక్కువ. అదే మెషీన్ మీద ఇంకోసారి చేయించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

1:8, 1:32 అంటే ఏమిటి? పెద్ద అంకె మంచిదా చెడ్డదా?

సీరమ్‌ను సెలైన్‌తో రెట్టింపు చొప్పున పల్చన చేస్తూ పోతాం. 1:2, 1:4, 1:8, 1:16, 1:32 అలా. ఎంతవరకు పల్చన చేసినా ఇంకా గుబ్బ కడుతుందో ఆ ఆఖరి అంకె రాస్తాం. దీన్నే టైటర్ అంటారు. పెద్దదైతే యాంటీబాడీ ఎక్కువ ఉందని. జబ్బు చురుగ్గా ఉన్నప్పుడు, ముఖ్యంగా ఒళ్లంతా దద్దుర్లు వచ్చే రెండోదశలో, ఇది బాగా పెరుగుతుంది.

అసలు ఉపయోగం ఒక్క అంకెలో లేదు, రెండు అంకెల మధ్య తేడాలో ఉంది. 1:32 ఉన్నది 1:8 అయితే నాలుగోవంతుకు తగ్గింది, మందు పనిచేస్తోందని లెక్క. 1:16 ఉన్నది 1:8 అయితే ఏమీ తేలనట్టే, ఒకే రక్తాన్ని రెండుసార్లు చేసినా ఆ మాత్రం తేడా రావచ్చు. అలాగే 1:4 నుంచి 1:8కి వెళ్లిందని కంగారుపడక్కర్లేదు. 1:4 నుంచి 1:16కి వెళితే మాత్రం మళ్లీ సోకిందా, మందు సరిపోలేదా అని చూడాలి. ఒకసారి సిఫిలిస్ వచ్చి నయమైనవాళ్లకు మళ్లీ సోకితే టీపీహెచ్ఏ ఎటూ పాజిటివే కాబట్టి, చెప్పగలిగేది ఈ టైటరే.

ఇందుకోసం మూడు జాగ్రత్తలు. మందు మొదలుపెట్టే రోజునే రక్తం ఇచ్చి టైటర్ రాయించుకోండి, పోల్చడానికి అదే పునాది. ఆ తరవాత ప్రతిసారీ అదే ల్యాబులో, అదే పరీక్ష చేయించండి. అడయారులో వీడీఆర్ఎల్, ఊరికెళ్లినప్పుడు నెల్లూరులో ఆర్పీఆర్ చేయించి రెండూ పక్కపక్కన పెడితే పోలిక కుదరదు. ‘రియాక్టివ్’ అని మాత్రమే రాసి అంకె ఇవ్వకపోతే అడిగి రాయించుకోండి.

ఇంజక్షన్ వేయించుకుని రెండేళ్లయింది. ఇంకా 1:2 దగ్గరే ఆగింది. జబ్బు పోలేదా?

మొదట నాలుగోవంతుకు తగ్గి, తరవాత చిన్న అంకె దగ్గర స్థిరంగా నిలిచిపోవడం చాలామందిలో చూస్తాం. దీన్ని సీరోఫాస్ట్ అంటారు. కొత్త పుండు, దద్దురు, కంటి లేదా నరాల ఇబ్బంది లేకుండా, అంకె పెరగకుండా ఉంటే సాధారణంగా గమనిస్తూ ఉంటారంతే. హెచ్ఐవీ పరీక్ష ఒకసారి చేయించి ఉండటం మంచిది.

కలయిక జరిగిన ఎన్నాళ్లకు పరీక్ష చేయించాలి?

క్రిమి సోకిన 10 నుంచి 90 రోజుల్లో, సగటున 3 వారాలకు, నొప్పి లేని పుండు వస్తుంది. నొప్పి లేదు, మూడు నుంచి ఆరు వారాల్లో తనంతట తానే మానిపోతుంది. జనం మోసపోయేది ఇక్కడే. పుండు మొదలైన తొలిరోజుల్లో రక్తపరీక్షలన్నీ నెగెటివ్‌గా ఉండొచ్చు. ఈ దశలో వీడీఆర్ఎల్ నూటికి సుమారు 75 నుంచి 85 మందిలోనే పట్టుకుంటుంది. రెండోదశకు వచ్చేసరికి దాదాపు అందరిలోనూ పట్టుకుంటుంది. ఏళ్లు గడిచిన ఆఖరి దశలో మళ్లీ తగ్గుతుంది.

అనుమానం ఉంటే ఇప్పుడొకసారి, 90 రోజులు దాటాక ఒకసారి చేయించండి. ఆ రెండోది నెగెటివ్ అయితే ఆ కలయిక గురించి నిశ్చింతగా ఉండొచ్చు. అయితే భాగస్వామికి తొలిదశ సిఫిలిస్ ఉందని తేలి, కలయిక జరిగి మూడు నెలలు కాకపోతే, మీ రిపోర్టు నెగెటివ్ అయినా డాక్టరు ముందే మందు ఇస్తారు. దాన్ని వద్దనకండి.

ఒళ్లంతా దద్దుర్లున్నా వీడీఆర్ఎల్ నెగెటివ్ అని ఎలా వస్తుంది?

యాంటీబాడీ మరీ ఎక్కువైపోయినా గుబ్బ కట్టదు. ప్రోజోన్ అంటారు. అదే సీరమ్‌ను పల్చన చేస్తే పాజిటివ్ అవుతుంది. అరుదే గాని రెండోదశలో, గర్భిణుల్లో, హెచ్ఐవీ ఉన్నవాళ్లలో జరుగుతుంది. అరచేతులకూ అరికాళ్లకూ దద్దుర్లుండి రిపోర్టు నెగెటివ్ వస్తే, పల్చన చేసి చూడమని డాక్టరుగారిచేత ఒక్క వాక్యం రాయించండి. ఆ ఒక్క వాక్యంతో నిజం బయటపడుతుంది.

మా ఆవిడకు మూడో నెల. కార్డు టెస్టులో సిఫిలిస్ పాజిటివ్ అన్నారు. ఏం చేయాలి?

ముందు ఒకరినొకరు నిందించుకోవడం ఆపండి. ఆ సంగతి తరవాత మాట్లాడుకోవచ్చు, బిడ్డకు మాత్రం సమయం ముఖ్యం. వేలిచివర రక్తం చుక్కతో 15, 20 నిమిషాల్లో చేసే కార్డు మామూలుగా టీపీహెచ్ఏ జాతిది. పాతదో కొత్తదో చెప్పదు. ఆర్పీఆర్ టైటర్ కూడా అదే రోజు తీయించండి. అయినా గర్భిణి విషయంలో అన్ని రిపోర్టులూ వచ్చేదాకా ఆగకుండా, ఇదివరకు వైద్యం జరిగిన ఆధారం లేకపోతే పెన్సిలిన్ మొదలుపెట్టడమే పద్ధతి. వైద్యం లేకపోతే గర్భస్రావం, కడుపులోనే బిడ్డ చనిపోవడం, పుట్టిన బిడ్డకు జబ్బు, ఏదైనా జరగొచ్చు. గర్భంలోని బిడ్డకు కూడా పనిచేస్తుందని రుజువైన మందు పెన్సిలిన్ ఒక్కటే. భర్తకూ పరీక్ష, వైద్యం తప్పనిసరి.

పుట్టాక బిడ్డ రక్తంలో పాజిటివ్ వస్తే వెంటనే గుండె పగలనివ్వకండి. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. తల్లి, బిడ్డ ఇద్దరి ఆర్పీఆర్ ఒకేసారి చేసి, బిడ్డది తల్లిదాని కన్నా నాలుగు రెట్లు ఉందా అని చూస్తారు. అంత లేకపోయినా పిల్లల డాక్టరు బిడ్డను పరీక్షించి, టైటర్ తగ్గుతూ పోతోందా అని నెలల తరబడి గమనించాలి.

పెళ్లి సంబంధం కుదిరింది. అబ్బాయి వీడీఆర్ఎల్ రియాక్టివ్ అని ఆపేయమంటున్నారు. గల్ఫ్ మెడికల్‌లో కూడా ఇలాగే అన్నారు.

గల్ఫ్ ఉద్యోగాల మెడికల్‌లో హెచ్ఐవీ, హెపటైటిస్‌లతో పాటు సిఫిలిస్ కూడా చూస్తారు. రక్తదానం చేసినా ప్రతి సీసాకూ ఈ పరీక్ష తప్పనిసరి. ఏ లక్షణమూ లేనివాళ్లకు ఇలా తెలిసేది ఎక్కువ. ఒక్క వీడీఆర్ఎల్ కాగితం చూసి ఒకరి నడవడిక మీద తీర్పు చెప్పడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. టీపీహెచ్ఏ నెగెటివ్ అయితే ఆ కుర్రాడికి సిఫిలిస్సే లేకపోవచ్చు. పాజిటివ్ అయినా, ఇది పెన్సిలిన్‌తో నయమయ్యే జబ్బు. వైద్యం పూర్తిచేసి, ఆ కాగితాలూ తరవాతి టైటర్లూ దాచుకుంటే పెళ్లికి అడ్డేమీ లేదు.

మా తాతగారికి 80 ఏళ్లు. కంటి ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షల్లో టీపీహెచ్ఏ పాజిటివ్. మేం తలెత్తుకోలేకపోతున్నాం.

ఆయన చిన్నతనం ఎక్కడ గడిచిందో కనుక్కోండి. యాజ్ అనే చర్మవ్యాధిని తెచ్చేది కూడా ఇదే ట్రెపోనీమా జాతి. అది పిల్లలకు పుండ్ల తాకిడితో సోకేది, లైంగిక సంబంధంతో పనిలేదు. మన దేశంలో ఏజెన్సీ ప్రాంతాల్లో ఉండేది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను యాజ్ లేని దేశంగా ప్రకటించింది. రక్తపరీక్షలేవీ ఈ రెంటినీ విడదీయలేవు. ఆర్పీఆర్ చేయించి, డాక్టరు సలహా తీసుకోండి. పెద్దాయన్ను మాత్రం ప్రశ్నలతో బాధపెట్టకండి.

నరాలకు, మెదడుకు పాకిందేమోనని వెన్నునీరు తీయాలంటున్నారు. అవసరమా?

చూపు మందగించడం, వినికిడి తగ్గడం, మతిలో మార్పు, పక్షవాతం లాంటివి ఉంటే అవసరమే. వెన్నునీటిలో వీడీఆర్ఎల్ పాజిటివ్ అయితే దాదాపు ఖాయం, నెగెటివ్ అయితే మాత్రం లేదనలేం. అందుకే కణాల సంఖ్య, ప్రోటీన్ కూడా కలిపి చూస్తారు. లక్షణాలేవీ లేనివాళ్లందరికీ సూది గుచ్చే పని లేదు.

చెన్నైలో ఎక్కడికి వెళ్లాలి? పేరు బయటపడుతుందా?

సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో, మద్రాస్ మెడికల్ కాలేజీకి చెందిన వెనిరియాలజీ (సుఖవ్యాధుల) ఇన్‌స్టిట్యూట్ ఉంది. తమిళ బోర్డుల మీద ‘పాల్వినై నోయ్’ అన్న మాట ఈ జబ్బులదే. దేశంలో చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ పేరుతో ఉన్న విభాగాల్లో సలహా, పరీక్ష, మందు ఉచితం. అడగడానికి మొహమాటంగా ఉంటే 1097కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఉచిత హెల్ప్‌లైన్. మీ వివరాలు మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు చెప్పే హక్కు ల్యాబుకు లేదు. వాట్సాప్‌లో కుటుంబం అంతా వాడే నంబరుకు రిపోర్టు పంపమని మాత్రం ఇవ్వకండి.

తమిళం రాకపోతే సంకోచించక తెలుగులోనే అడగండి. ఈ ఊళ్లో తెలుగు అర్థమయ్యేవాళ్లు ఒక్కరైనా ఉంటారు.

హెచ్ఐవీ కూడా చేయించుకోవాలా?

అవును. సిఫిలిస్ పుండు ఉంటే హెచ్ఐవీ సోకడం తేలికవుతుంది. హెచ్ఐవీ పరీక్ష మీ అంగీకారం తీసుకున్నాకే చేయాలని 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది.

రక్తం ఇవ్వడానికి పరగడుపున రావాలా?

అక్కర్లేదు. కాకపోతే మందులషాపులో కొన్న యాంటీబయాటిక్ ఏదైనా ఈమధ్య మింగి ఉంటే ఆ చీటీ లేదా స్ట్రిప్ తీసుకురండి. పుండు మీద క్రిమి కనపడకుండా పోవడానికి అదే కారణం కావచ్చు. పుండు మీద ఆయింట్‌మెంట్ రాయకుండా, సెలైన్‌తోనో మంచినీళ్లతోనో కడిగి రండి.